నాలుగో మూల

"నాలుగో మూల నీదిరా వెంకట్రాం. అన్న పాడెకు తమ్ముడు భుజమియ్యాలె. నువ్వేం జేసినవ్? పక్కకు జరిగి బీడి ముట్టిచ్చినవ్."

"మల్ల గదే తీసినవా వదినా? పన్నెండొద్దుల సంది గదొక్కటే లొల్లి. పురుషోత్తం పటేలు జర జరుగరా అన్నడు, జరిగిన. నేను పొట్టోన్ని, ఆయన పొడుగు, పాడె సాపుగ పోతదనుకున్న."

"ఫోటో దిగనీకె వచ్చినోడురా వాడు."

"ఎందుకొస్తేంది? పాడె అయితే కింద పడలే గద!"

గీ మాట కాడికి వచ్చినప్పుడల్ల నేను పొయ్యి దిక్కు మళ్ళేదాన్ని. ఎందుకంటే అది నిజమే. పాడె కింద పడలే.

నా మొగడు ఎనిమిది నెలలు పక్షవాతంతోటి మంచంల ఉండి సచ్చిండు. కాళ్ళు చేతులు మంచిగున్నన్ని రోజులు తాగుడు తప్ప ఇంకో పని తెల్వదు ఆయనకు. సచ్చినోన్ని అట్ల అనొద్దంటరు. బతికున్నప్పుడు అంటె కొట్టెటోడు, మరి ఎప్పుడనాలె?

సర్పంచు ఎలక్షన్లు రేపు మాపు అంటున్న రోజులవి. ఎవలింట్ల సావైనా, పెండ్లైనా పిలువకున్నా వచ్చుడు మొదలుపెట్టిండు పురుషోత్తం. ఆరడుగుల మనిషి, ఇస్త్రీ అంగి. మా ఇంటి ముందట పాడె లేపంగనే చెప్పులు ఇడిశి, మా మరిది వెంకట్రాంను జరిపి, ఎనుక కుడి మూలకు భుజం పెట్టిండు. ముందట ఇద్దరు ఫోన్లు పట్టుకొని ఎనుకకు ఎనుకకు నడుస్తున్నరు. పది అడుగులు ఏసిండు. "అయిపాయెనన్నా" అన్నడు ఫోన్లోడు ఒకడు. అంతే. పాడె కిందికెళ్ళి తల తీసి, భుజం దులుపుకొని, చెప్పులు ఏడున్నయని చూసుకున్నడు.

పాడె మోసేటోనికి ఒక పద్ధతి ఉంటది. నొప్పి లేసినా, చెమట పట్టినా, ఉత్తగ తప్పుకోవద్దు. ఇంకొకడు ఎనుకకెళ్ళి వచ్చి భుజానికి భుజం ఆనించాలె. కట్టె వీని మీదికెళ్ళి వాని మీదికి జారాలె. అప్పుడు ఇడువాలె. దింపుడు కల్లం కాడ పాడె దించి, సచ్చినోని చెవుల మూడుసార్లు పిలిచెదాక గదే పద్ధతి. పసులుగాసేటోనికి సుత తెలుసు. పటేలుకు తెల్వదు.

ఆ వీడియో ఊరంత పంపుకున్నడు. నేను సుత చూసిన. పది అడుగులు ఈయన. తర్వాత ఆ మూల కింద ఎవ్వలు లేరు. మా మరిది రోడ్డు పక్కకు బీడితోటి కనిపిస్తనే ఉన్నడు. ముగ్గురే మోస్తున్నరు. నాలుగో మూల గాలిల ఉంది. వంగలే, ఊగలే. ఇరవై అడుగులు లెక్కపెట్టిన. అటెన్క వెంకట్రాం ఉరికొచ్చి భుజం పెట్టిండు.

"మధ్యల ఎవలు పట్టుకున్నరురా?" అని అడిగిన గా పొద్దు సుత.

"గాలి పట్టుకుంది" అన్నడు పండ్లు బయటపెట్టి. పన్నెండోరోజు మిగిలిన కూర కోసం గిన్నె తెచ్చుకున్నడు వాడు. అన్న సచ్చినందుకు వానికి మిగిలింది ఆకలి ఒక్కటే.

ముసురు పట్టి నాలుగు రోజులైంది. కరెంటు పొద్దుగాల్నే పోయింది. మూడు గంటలకే ఇంట్ల దీపం పెట్టవలసి వచ్చింది. రేకుల మీద సన్నగ, ఆగకుంట చినుకు. తడిసిన బొంతల వాసన, పొయ్యిల పచ్చికట్టెల పొగ, నేను కట్లకు వాడే నువ్వులనూనె వాసన, అన్ని కలిసి ఇంట్లనే తిరుగుతున్నయి. మా దిక్కు, బయ్యారం దిక్కు, మన్నుల ఇనుముంటది. వాకిట్ల పారే వాననీళ్ళు తుప్పు కడిగిన నీళ్ళ లెక్క పోతుంటయి.

కారు సప్పుడైంది. కొద్దిసేపటికి దర్వాజల ఒక మనిషి నిలవడ్డడు. నేను గుర్తు పట్టలే. మోకాళ్ళు వంగినయి. కుడి గూడ, భుజం కాడ, కిందికి కుంగింది. మెడ ఎడమ పక్కకు ఒరిగింది. నాకంటె పొట్టిగున్నడు. ఇస్త్రీ అంగి చూసి పోల్చుకున్న, పురుషోత్తం.

"ఊర్మిళక్కా, నా గూడ జర చూడు."

"ఏమాయె పటేలా? ఫోటో దిగుతుంటె పట్టేసిందా?"

"నవ్వకు అక్కా. పదకొండొద్దులైంది నిద్రలేక. మీ ఇంటికాడికెళ్ళి పోయిన తెల్లారి సంది గిట్లనే. జనగామల స్కానింగ్ తీసిన్రు, ఏం లేదన్నరు. భూపాలపల్లిల మా బామ్మర్ది రెండు సూదులు ఏపిచ్చిండు. మానుకోటల బెల్టు ఇచ్చిన్రు. నిలవడనిస్తలేదు, పండనిస్తలేదు. గిట్లనే ఇంకో వారమైతె నా పానం పోతది."

"అంగి ఇప్పి పీట మీద కూసో."

నేను ఎముకలు ఇరిగితె బొక్కలు కట్టేదాన్ని. మూడో తరగతి కాడనే బడి ఇడిశిపెట్టిన. గీ పని మా అత్త నేర్పింది. ఆమె కొడుకులిద్దరు ఉట్టి చేతగానోళ్ళని ఆమెకు ముందే ఎరుక, అందుకే కోడలికి నేర్పింది. ఇరిగిన బొక్కలు మస్తు కట్టిన గని, నాకు పేరొచ్చింది మాత్రం గూడలతోటి. జారిన గూడను ఎక్కిచ్చుడుల మా మండలంల నాకు సాటి లేదు.

తుంటి బొక్క రోట్ల రోకలి లెక్క. లోతుకు దిగుంటది, ఊకె ఊడది. గూడ గట్ల కాదు. సాసర్ల నిమ్మకాయ పెట్టినట్టు. గుండు పెద్దది, కింద గిన్నె లోతులేనిది. అందుకే రెక్క ముందటికి, ఎనుకకు, నెత్తి మీదికి, సుట్టూ తిరుగుతది. ఒంట్ల ఇంకే కీలు అట్ల తిరగదు. అందుకే ఊడుతది సుత. ఎనుక వీపు మీద పలక లెక్క ఒక బొక్క ఉంటది. అది పక్కబొక్కలకు ఎక్కడ అతుక్కోలే, కండల మీద తేలుతది. చెయ్యి నెత్తి మీదికి లేపుతుంటె గుండు రెండు పాళ్ళు తిరిగితె పలక ఒక పాలు జారుతది. కాడికి కట్టిన ఎడ్ల లెక్క రెండు కలిసే పోవాలె. ఇగ, మొత్తం రెక్కను మొండానికి బొక్కతోటి కలిపేది ఒక్కటే ఒక్కటి, మెడ కింద అడ్డంగ ఉండే సన్న బొక్క. చేతి ఏలు మందం ఉంటది. ఆడిది బిందె ఎత్తినా, మొగోడు బస్తా మోసినా, రెక్కకెళ్ళి వచ్చిన గుంజుడంత గా ఏలు మందం బొక్కకు తెలుస్తది.

మంచి గూడ ముందు పట్టి చూడాలె, దాన్ని చేతులకు ఎక్కిచ్చుకోవాలె, తర్వాతనే చెడ్డది ముట్టాలె. కండ్లు మూసుకోవాలె. గట్లనే చెప్పింది మా అత్త.

కండ్లు మూసుకొని ఎడమ గూడ పట్టిన. మెత్తగ, వెన్నముద్ద లెక్క. నలభై ఐదేండ్లల ఒక్క బస్తా కింద పోని గూడ అది. మంచిగనే తిరిగింది. 

కుడి గూడ పట్టిన. గుండు గిన్నెల ఉంది. వాపు లేదు, వేడి లేదు. మోచెయ్యి మలిచి బయటికి తిప్పిన, తిరిగింది. చెయ్యి నెత్తి మీదికి లేపిన, చెవు తాకిందాక పోయింది. పలక దాని తోటి జారింది. నేను కండ్లు తెరిచిన.

"ఏం లేదు పటేలా నీకు. ఓట్లకు తిరిగి తిరిగి కొవ్వు కరిగినట్టుంది. లేచి అంగి తొడుక్కో."

మా మరిది కిలకిల నవ్విండు. పురుషోత్తం నవ్వలే.

"కూసుంటె ఏం లేదక్కా. లేస్తె చూడు."

లేసిండు. నా చెయ్యి గూడ మీదనే ఉంది. సగం లేసెవరకు మంచిగనే లేసిండు. ఇగ అక్కడ... ఆగింది. మనిషి లేస్తనే ఉన్నడు, గూడ లేస్తలేదు. ఎడమ పక్క మీదికి పోతుంటె కుడి పక్క కింద పట్టుకున్నట్టు ఆగింది. మెడ పక్కపొంటి కండ లోపటికి పోయింది. గుండ్రంగ, ముంజేతి మందం గాడి పడ్డది. మెడ కింది సన్న బొక్క విల్లు లెక్క వంగింది. 

గాడి మీద ఏముందో అని ఏలు పెట్టిన. ఏం లేదు. ఉత్త గాలి. గని ఏలు మల్ల బయటికి రాలే.

నొక్కుకపోయింది. కింద వీని కండ, మీద... ఏందో నాకు కనిపిస్తలేదు. సల్లగ, నున్నగ, కణుపు కణుపు ఉంది. పచ్చి ఎదురుబొంగు.

"వంగు" అన్న. "వంగు పటేలా, జల్ది!"

వంగిండు. ఏలు బయటవడ్డది. గోరు కింద నల్లగ నెత్తురు గడ్డ కట్టింది. అప్పుడే వాసన సుత వచ్చింది. కొత్తగ నరికిన ఎదురు. తడిసిన బంతిపూలు. పాడె మీద చల్లే బుక్క గులాలు. మా ఇంట్ల సావువి అన్ని పదోరోజే కడిగి పారేసిన నేను.

నాకు భయం, బుగులు తొందరగ పుట్టది. పని ముందట ఉంటె అసలే పుట్టది. పొయ్యిలకెళ్ళి మసి తెచ్చి, ఆయనను దర్వాజ చెక్కకు ఆనించి మల్ల లేపిన. గూడ ఎక్కడ ఆగిందో చెక్క మీద గీత గీసిన. కూసోపెట్టిన. మల్ల లేపిన. మూడుసార్లు. మూడుసార్లు గా గీత కాడనే ఆగింది, ఎంట్రుకవాసి తేడా లేదు. నేను పోయి గీత పక్కకు నిలవడ్డ. నా గూడకు నాలుగు వేళ్ళ మందం కింద ఉంది.

పాడె మోసేటోళ్ళు ఒక్క ఎత్తుల ఉండాలె. లేకుంటె పొడుగోడే మోకాళ్ళు వంచి నడవాలె, తొవ్వ పొడుగు. ముగ్గురు ఏ ఎత్తుంటె కట్టె గా ఎత్తుకే ఉంటది. నా మొగని పాడె మోసిన ముగ్గురు నాకు తెలుసు, ఒక్కొక్కడు తాడిచెట్టు లెక్కుంటడు. 

మరి గీ ముగ్గురు ఎవలు? ఆడిదాన్ని, నా అంత ఎత్తు సుత లేరు.

"పిల్లలా ఏంది వదినా?" అన్నడు వెంకట్రాం మెల్లగ.

"నోరు ముయ్."

"అక్కా, మీ ఆయననేనా?" అన్నడు పురుషోత్తం. "నా మీద కోపంతోటి..."

"ఆయనకు అంత తెలివి లేదు. కూసుంటె బరువు పోతది గద, మరి కూసోనే ఉండరాదు?"

ఆయన నా మొకం దిక్కు చూసిండు. గొంతు తగ్గించిండు.

"కూసోనియ్యరు అక్కా."

"ఎవలు?"

"పిలుస్తరు."

"ఏమని?"

"భుజం... భుజం... అని. ఎనుకకెళ్ళి. లేచెదాక ఇడువరు."

ఆ మాటతోటే లేచి నిలవడ్డడు. పిలిచిన్రో ఏమో, నాకైతె ఇనపడలే. నేను వీపు మీద పలక బొక్కకు అరచెయ్యి ఆనించి పట్టుకున్న. "చెయ్యి లేపకు. కదులకు" అన్న.

కదులలే. పాదాలు గచ్చు మీద పెట్టినకాడనే ఉన్నయి. గని నా అరచెయ్యి కింద పలక జారింది. మీదికి. ఆగింది. కిందికి. మల్ల మీదికి. కుడి అడుగు ఏసినప్పుడు ఒక తీరు, ఎడమ అడుగు ఏసినప్పుడు ఒక తీరు. బస్తాలు మోసే హమాలీల వీపులు ముప్పై ఏండ్ల సంది పట్టి చూస్తున్న నేను. బరువు కింద నడిచే గూడ నాకు తెల్వదా?

మనిషి నిలవడి ఉన్నడు. గూడ నడుస్తుంది.

చెయ్యి తీసేసిన. చీర కొంగుకు తుడుచుకున్న.

"పటేలా, ఇను. నువ్వు ఉత్తగ ఇడిశిన మూలను ఎవలో ఇరవై అడుగులు మోసిన్రు. ఊర్ల ఎవలు మోయలే, వీడియోల ఉంది. వాళ్ళు మోసే పాడె మూల అప్పుడు ఖాళీ అయ్యింది. నీ భుజం అడుగుతున్నరు."

"నేను... నేను ఎవలిని మోస్తున్న మరి?"

"నాకేమెరుక?"

"ఎక్కడిదాక మోయాలె?"

"వాళ్ళ కల్లం ఎక్కడుందో గక్కడిదాక."

ఆయన ఏడ్చిండు. పెద్ద మనిషి ఏడిస్తె జాలి పడాలంటరు. నాకు ముక్కు తుడుచుకోరాదా అనిపించింది, అంతే. అయినా ఒంట్ల పానముంది, నా ఇంటికి వచ్చిండు, గూడ నొప్పని వచ్చిండు. ఎల్లగొట్టుడు మా అత్త నేర్పలే.

"మన దింపుడు కల్లం కాడికి పోయి దించి చూద్దాం పా. దిగితె నీ అదృష్టం."

పొద్దు ఇంక గూకలే, గని సీకటైంది. ముసురుల పొద్దు ఎప్పుడు పోతదో తెల్వది. ఊరి చివరకు, కొత్తగూడ పోయే తొవ్వ పక్కకు రెండు బండలుంటయి. ఆ నడుమనే మా ఊరి పాడెలన్ని దించుతరు. ముందట నేను, చేతుల టార్చి. ఎనుక పురుషోత్తం, మోకాళ్ళు వంచి, సిన్న సిన్న అడుగులేసుకుంట. ఆయన ఎనుక మా మరిది, ఛత్రీ తన ఒక్కని నెత్తి మీదనే పట్టుకొని. కూర గిన్నె మా ఇంట్లనే పెట్టొచ్చిండు, మల్ల రావాలె గద.

బండల నడుమ పాత బంతిపూలు మురిగి ఉన్నయి. కప్పలు గోల గోల అరుస్తున్నయి.

"వంగు, మెల్లగ. అందరు కలిసి దించినట్టు." నేను ఆయన గూడ మీద రెండు చేతులు పెట్టిన. "దించుతున్నం" అన్న గట్టిగ.

ఆయన వంగిండు. కట్టె వంగలే. ఆయన గూడ కిందికొచ్చింది, కట్టె గా ఎత్తులనే ఉండిపోయింది. మిగిలిన ముగ్గురు దించుతలేరు.

"పిలువు వదినా" అన్నడు వెంకట్రాం. "అన్ననేమో. పిలిస్తె ఇంటడేమో."

మొగని పేరు నోట్ల తియ్యొద్దంటరు. ముప్పై ఏండ్ల సంది తియ్యలే నేను. గౌరవం కాదు, తీసే పని పడలే. పురుషోత్తంను మల్ల లేపిన. గాడి పడ్డది. దాని పక్కకు అరచెయ్యి ఆనించిన. గాలిల నోరు పెట్టి పిలిచిన.

"మల్సూర్."

చినుకు.

"ఓ మల్సూర్."

కప్పలు బందైనయి. అన్ని ఒక్కసారి.

"మల్సూర్..."

ఎనిమిది నెలలు ఆయనను సంకల కింద చేతులేసి లేపి కూసోపెట్టిన నేను. ఆయన బరువు నా నడుముకు ఎరుక. గిది ఆయన బరువు కాదు. తేలిక. శానా తేలిక. గని ఇంకోటుంది. సచ్చిన మనిషి బరువు పెట్టినకాడ పెట్టినట్టే ఉంటది. కదలది.

గిది కదిలింది.

నా అరచెయ్యి కింద, వీని కండల... బరువు ఆ పక్కకెళ్ళి ఈ పక్కకు వచ్చింది. నిద్రల ఉన్నోళ్ళు పక్కకు మళ్ళినట్టు... నేను పిలిచిన దిక్కు మళ్ళింది.

నేను ఇగ పిలువలే.

అప్పుడు ఇనవడ్డది. నా ఎనుక. నా చెవు కాడ కాదు, కిందికి, నా సంక ఎత్తుల నుంచి. అలసిపోయిన గొంతు, ముసలిదో పసిదో తెల్వకుంట ఉంది.

"భుజం..."

టార్చి అటు తిప్పలే నేను. తిప్పితె ఏం కనిపిస్తదో అని కాదు. తిప్పితె ఏం కనిపియ్యదో అని.

పురుషోత్తంకు ఇగ ఓర్పు లేదు. "ఎవలన్న పట్టుకోండ్రి! పైసలిస్త! ఎవలన్న!" అని మొత్తుకున్నడు.

"ఎంత?"

అడిగింది మా మరిది.

"వెంకట్రాం, సక్కగ ఇంటికి పో" అన్న నేను.

"నువ్వుండు వదినా. ఎంతిస్తవ్ పటేలా?"

"రెండు వేలు."

"పదివేలు."

"అంత లేవురా..."

"మరి మోసుకో."

నా ముందట, వానల, గా గొంతు ఇన్నంక, వాళ్ళిద్దరు బేరమాడుకున్నరు. ఒకడు పానం పోతున్నా మీదికి పోడు. ఇంకొకడు పానం పోతదని తెలిసినా కిందికి రాడు. ఆఖరికి మూడు వేల కాడ తెగింది. జేబుల ఉన్నయే గంత అని ఒట్టు పెట్టిండు పురుషోత్తం.

నేను మరిది చెయ్యి పట్టుకున్న. "అది మీ అన్న కాదురా. ఎవలో తెల్వది."

వాడు నా చెవు కాడికి వచ్చిండు. "పిచ్చిదానా వదినా," అన్నడు గుసగుసగ, "నేను పొట్టోన్ని. కట్టె నా మీదికెళ్ళి పోతది, తాకనే తాకది. మూడు వేలు ఉత్తగ వస్తయి."

వాని పెండ్లిల పిల్ల పక్కకు పీట ఏసి నిలవెట్టిన్రు వీన్ని, అంత పొట్టి. నేను వాని గూడ దిక్కు చూసిన. నా గూడకు సరిగ్గ నాలుగు వేళ్ళ మందం కింద ఉంది.

"వెంకట్రాం, చెక్క మీద గీత నీ గూడ ఎత్తుకే ఉందిరా."

"నాకు నాలుగు పైసలొస్తె నీ కడుపు మండుతది. ఎప్పటి సంది చూస్తలేను?"

ఛత్రీ పక్కకు పారేసిండు. ఎనుకకెళ్ళి వచ్చి, పురుషోత్తం భుజానికి భుజం ఆనించిండు. పద్ధతి ప్రకారమే ఆనించిండు, సొంత అన్నకు చెయ్యనిది. నాకు కనిపించింది. పురుషోత్తం కండల గాడి మెల్లగ పక్కకు జరిగింది, జరిగి, అంచుకు వచ్చి, పోయింది. ఆయన నిలువుగ లేసిండు. ఆరడుగులు. కుడి చెయ్యి ఆకాశానికి లేపిండు, సుట్టూ తిప్పిండు, గాడిద లెక్క నవ్విండు. గా వానల, ఏలు నాలుకకు రాసుకొని ఐదువందల నోట్లు ఆరు లెక్కపెట్టి వెంకట్రాం జేబుల తోసిండు. ఎనుకకు తిరగకుంట ఊర్లెకు ఉరికిండు. నాకు సల్లగుండు అన్న మాట సుత అనలే.

"చూసినవా వదినా?" అన్నడు వెంకట్రాం. "ఏం లేదు. ఉత్తదే. అంత ఆయన బుగు..."

మాట ఆగింది.

వాని అంగి గూడ కాడ లోపటికి పోయింది. తడిబట్ట కండకు అతుక్కొని గుండ్రంగ గాడి తేలింది. వాని మోకాళ్ళు వంగలే. వంగే పని లేదు. సరిపోయింది. కుడి చెయ్యి దానంతట అదే పైకి లేసి, చెవు పక్కకు, లేని కట్టెను పట్టుకున్నట్టు ఆగింది.

అడుగేసిండు.

"ఆగురా."

"నేను నడుస్తలే వదినా..."

ఇంకో అడుగు. కొత్తగూడ దిక్కు.

"వదినా, పట్టుకో. వదినా... వీళ్ళు నడుస్తున్నరు..."

నేను వాని ఎడమ చెయ్యి రెండు చేతుల పట్టి గుంజిన. కాళ్ళు బండకు ఆనించి గుంజిన. వాడు ఆగలే. నా చేతుల వాని రెక్క పొడుగైంది. గూడల గుండు గిన్నె అంచుకు వచ్చుడు నాకు తెలుస్తుంది, సాసర్ల నిమ్మకాయ అంచుకు జారినట్టు. కండలు తాళ్ళ లెక్క బిగిసినయి. వాడు అరిచిండు. ఇంకొక్క గుంజు గుంజితె గూడ ఊడి వస్తది, మనిషి రాడు. ఎన్ని గూడలు ఎక్కిచ్చిన నా జిందగీల! ఒక్కటి సుత ఊడగొట్టలే.

ఇడిశిపెట్టిన.

వాడు సిన్న సిన్న అడుగులతోటి పోయిండు. ఎర్రనీళ్ళల అడుగుల సప్పుడు. వానిది ఒక్కనిది కాదు ఆ సప్పుడు. ఎంబడి పోయిన అని మీకు చెప్పొచ్చు నేను. పోలే. ఛత్రీ తీసుకొని ఇంటికొచ్చి తలుపేసుకున్న.

తెల్లారి ముసురు ఇడిసింది. తలుపు తీస్తె వెంకట్రాం అరుగు మీద కూసోని కూర గిన్నె అడిగిండు. మోకాళ్ళదాక ఎర్రమన్ను. మొకంల బుగులు లేదు, ఏం లేదు. కూలికి పోయొచ్చినోని మొకం.

కూసోపెట్టి ఎడమ గూడ ముందు చూసిన. నా గుంజుడుకు వాచింది, అంతే. కుడి గూడ చూసిన. గుండు గిన్నెల ఉంది. రెక్క సక్కగ తిరిగింది. గాడి లేదు. గాడి ఉన్నకాడ కాయ కాసింది. గట్టిగ, పసుపుగ, పగుళ్ళు బాసి. గంజ్ మార్కెట్ల నలభై ఏండ్లు బస్తాలు మోసిన హమాలీకి ఉంటది గసొంటి కాయ. నిన్న లేదది.

"ఎక్కడ దించిన్రురా?"

"ఇంక దించలే. తొవ్వ ఉంది" అన్నడు ముద్ద పెట్టుకుంట. "మల్ల పిలుస్తమన్నరు."

జేబు ఎత్తుగ లేదు. నా కండ్ల ముందట ఆరు నోట్లు పెట్టిండు పురుషోత్తం, నాకు తెలుసు. చెయ్యి పెట్టి తీసిన. వాడు కాదనలే. ఐదువందలది ఒకటి. వందలవి రెండు. ఒక యాభై. ముసురుల, అడివి తొవ్వల, సీకట్ల, ఎవలో చిల్లర చేసిచ్చిన్రు. నోట్ల మీద గులాలు తడి ఇంక ఆరలే.

"మిగిలినయేవిరా?"

వాడు తల లేపి నన్ను చూసిండు, గింత తెల్వదా నీకు అన్నట్టు.

"కూలి పంచుకోమా వదినా?" అన్నడు. "మనిషికి ఏడువందల యాభై."